కరోనా టైంలో ఆపరేషన్లు: అపోహలు – వాస్తవాలు

టీవీలో కొత్త వేరియంట్ అని స్క్రోలింగ్ వస్తే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, మళ్లీ ఆపరేషన్లన్నీ బంద్ అంట కదా?"

అపోహ: కరోనా వేవ్ ఉన్నప్పుడు ఏ ఆపరేషనూ చేయరు.

వాస్తవం: 2020 మార్చిలో కేంద్రం వాయిదా వేయమన్నది ఆగగలిగిన వాటినే. సిజేరియన్లు, పేగు మెలికలు, యాక్సిడెంట్ కేసులు లాక్‌డౌన్‌లోనూ చేస్తూనే ఉన్నాం.

ఎక్కువమందిని ముంచినవి ఇలాంటి పుకార్లే. అప్పట్లో ఒక డిగ్రీ కుర్రాడికి బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి దిగింది. ఆస్పత్రికి వెళ్తే పాజిటివ్ అని రాసేసి వార్డులో పడేస్తారని వాట్సాప్ వీడియోలు చూసి ఇంట్లో భయం. ఊళ్లో ఆర్‌ఎంపీతో ఇంజెక్షన్లు వేయించారు. మూడో రోజు నొప్పి ఉన్నట్టుండి తగ్గింది. హమ్మయ్య అనుకుని వాళ్లమ్మ పెరుగన్నం పెట్టింది. నిజానికి అప్పుడే అపెండిక్స్ పగిలింది. పగిలాక కాసేపు అలాగే హాయిగా అనిపిస్తుంది. సాయంత్రానికి పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. చిన్న కోతతో పోవాల్సినది, పొట్ట నిలువునా తెరిచి చీమునంతా కడగాల్సి వచ్చింది. కుర్రాడు బతికాడు. ఆ తల్లిని ఏమంటాం? ఆ వాట్సాప్ వీడియోలు చూస్తే ఎవరికైనా టెన్షనే. నా కోపమంతా అవి చేసినవాళ్ల మీద.

హెర్నియా ఉన్నవాళ్లూ వినండి. రోజూ లోపలికి పోయే వాపు పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు వస్తే అది గంటల వ్యవహారం. వేవ్ తగ్గేదాకా ఆగేది కాదు.

అపోహ: డాక్టర్లు భయపడి వాయిదా వేశారు.

వాస్తవం: ఆపరేషన్ థియేటర్ ఖాళీగానే ఉండేది, మత్తు డాక్టరే కోవిడ్ ఐసీయూలో వెంటిలేటర్ల దగ్గర ఉండేవారు. మొదటి వేవ్‌లో 12 వారాల్లో ప్రపంచమంతా కలిపి సుమారు 2.8 కోట్ల ఆగగలిగిన ఆపరేషన్లు రద్దో వాయిదానో అవుతాయని కోవిడ్‌సర్జ్ (కరోనా టైం ఆపరేషన్ల మీద పలు దేశాల డాక్టర్లు కలిసి చేసిన అధ్యయనం) పరిశోధకులు 2020లో అంచనా వేశారు. వాయిదా పడితే కొత్త తేదీ మీరే అడగండి, ముఖ్యంగా క్యాన్సర్ గడ్డ అయితే. పిలుస్తారులే అని కూర్చోవద్దు.

అపోహ: కరోనా వచ్చి తగ్గినవాళ్లకి మత్తు పడదు.

వాస్తవం: పడుతుంది. 2021లో వచ్చిన పెద్ద అధ్యయనం 7 వారాలు ఆగితే మేలంది. ఒమిక్రాన్ తర్వాత ఆ గడువు సడలింది, ఇప్పుడు మనిషిని చూసి నిర్ణయిస్తాం. ఎమర్జెన్సీకి గడువే లేదు.

వ్యాక్సిన్ వేసుకుంటే కుట్లు మానవా? శుద్ధ అబద్ధం. షుగర్ అదుపులో లేకపోతే మానడం ఆలస్యం అవుతుంది, అది చూపించుకోండి.