తేనె ఎప్పుడు పూయాలి?

ముక్కకు ఉప్పూ కారం బాగా పట్టాలని మన ఇళ్లలో అనని వాళ్లుండరు. ఉప్పు నిజంగానే పడుతుంది. మిగతావి చాలావరకు పైపైనే ఉండిపోతాయి. నమ్మకం కుదరకపోతే చార్ సియు అనే కాల్చిన పంది మాంసం ముక్కను అడ్డంగా కోసి చూడాలి. అంచున సన్నని ఎర్రగీత, లోపలంతా లేతరంగు మాంసం!

చార్ సియు దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు వంట. కాంటొనీస్‌లో ఆ పేరుకు శూలానికి గుచ్చి కాల్చినదని అర్థం. హాంకాంగ్ కొట్లలో అద్దం వెనక కొక్కేలకు వేలాడుతూ, తేనెపూతతో నిగనిగలాడే పంది మాంసం ఇదే. సోయా సాస్, పంచదార, బియ్యపు సారా, అయిదు దినుసుల మసాలా, పులియబెట్టిన ఎర్ర టోఫూ (సోయా పన్నీరు) కలిపి అందులో మాంసాన్ని రాత్రంతా నానబెడతారు. టోఫూకి ఆ ఎరుపు మొనాస్కస్ అనే బూజు పెంచిన బియ్యం నుంచి వస్తుంది.

మాంసంలో దాదాపు 75 శాతం నీరే. ఉప్పు నీటిలో కరిగి చిన్న చిన్న అయాన్లుగా విడిపోతుంది కాబట్టి మెల్లగా లోపలికి చేరుతుంది. అక్కడి ప్రోటీన్లను ఉబ్బించి, కాల్చేటప్పుడు నీరు కారిపోకుండా పట్టి ఉంచుతుంది. మసాలా వాసననిచ్చే అణువులు అంతకంటే పెద్దవి, పైగా ఎక్కువ భాగం నూనెలోనే కరుగుతాయి. అందుకే అవి కొన్ని మిల్లీమీటర్లు దాటి పోలేవు. పెద్ద ముద్దగా కాకుండా పొడవాటి పట్టీలుగా కోస్తే ప్రతి ముక్కకూ మసాలా అంచు ఎక్కువగా దక్కుతుంది. మెడ, భుజం భాగాలైతే మధ్యమధ్య కొవ్వు ఉంటుంది కాబట్టి ఎండిపోవు.

ఇక తేనె. మొదటిసారి చేసినప్పుడు నేను తేనెను మసాలాతో పాటే దట్టంగా పట్టించాను. పావుగంటకే పైన నల్లగా మాడింది, లోపల పచ్చిగానే ఉంది. చాలా బాధేసింది. కారణం తర్వాత తెలిసింది. తేనెలో సుమారు 38 శాతం ఫ్రక్టోజ్, 31 శాతం గ్లూకోజ్ ఉంటాయి. పంచదార 160 డిగ్రీల దగ్గర రంగు మారడం మొదలుపెడితే ఫ్రక్టోజ్‌కు 110 చాలు. పైగా ఫ్రక్టోజ్, గ్లూకోజ్ రెండూ మాంసంలోని, సోయా సాస్‌లోని అమైనో ఆమ్లాలతో నేరుగా కలుస్తాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త మయ్యార్ వివరించిన చర్య అది. మన ఉల్లిపాయలు ఎర్రగా వేగినప్పుడు వచ్చే కమ్మదనమూ చాలావరకు దాని పుణ్యమే. పైభాగం తడిగా ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. తడి ఆరి 140 దాకా వెళ్తే చర్య జోరందుకుంటుంది.

అందుకని మాంసం దాదాపు ఉడికాక, చివరి పది నిమిషాల్లో తేనె పూయాలి. ఒకేసారి కుమ్మరించకుండా పల్చగా రెండు మూడు పూతలు వేయాలి. దగ్గరగా చూస్తే, ముందు చిన్న నురగ వస్తుంది. నీరు ఎగిరేకొద్దీ బుడగలు పెద్దవై, బరువెక్కి, నెమ్మదిగా పగులుతాయి. తీగపాకం చేసిన చేతికి ఆ ఘడియ ఇట్టే తెలిసిపోతుంది. కాంటొనీస్ వంటవాళ్లు చాలామంది తేనెకు బదులు మాల్టోజ్ అనే చక్కెర పాకం వాడతారు. తీపి తక్కువ, జిగురు ఎక్కువ. కారిపోకుండా ముక్కను అంటిపెట్టుకుని, అద్దంలా మెరుస్తుంది.

లోపలి వేడి మాత్రం కళ్లతో అంచనా వేయకండి, థర్మామీటర్ గుచ్చండి. 63 డిగ్రీలు చేరాక మూడు నిమిషాలు ఆగితే చాలని అమెరికా వ్యవసాయ శాఖ 2011 నుంచి చెబుతోంది. భుజం ముక్క మెత్తబడాలంటే ఇంకా పైకి వెళ్లనివ్వాలి.

కొసలు కాస్త మాడితే కంగారు వద్దు. హాంకాంగ్‌లో ఆ మాడిన అంచు ముక్కలే కావాలని అడిగి మరీ కోయించుకుంటారు.