చుక్కలు ముందా, సూది ముందా: పోలియో వాదన వెనక పేగుల కథ

మురుగునీటిలో పోలియో వైరస్ దొరికిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న: ఇంజెక్షన్ ఉండగా చుక్కలు ఇంకా ఎందుకు? 2024 చివర్లో జర్మనీ, పోలండ్, స్పెయిన్, బ్రిటన్, ఫిన్లండ్‌లలో, మూడు రకాల పోలియో వైరస్‌లలో ఒకటైన టైప్ 2 బయటపడినప్పుడూ ఇదే చర్చ. ఏ టీకా ఎవరు కనిపెట్టారన్నది అందరికీ తెలిసిందే. అసలు మలుపు 2013లో, ఇజ్రాయెల్‌లో ఉంది.

అక్కడ 2005 నుంచి పిల్లలకు ఇంజెక్షన్ ఒక్కటే ఇస్తూ వచ్చారు. దాదాపు అందరికీ వేశారు కూడా. అయినా నెగెవ్ ఎడారిలోని రహత్ పట్టణం మురుగులో టైప్ 1 సహజ వైరస్, అంటే టీకా నుంచి పుట్టనిది, కనిపించింది. నెలల తరబడి తిరిగింది. ఒక్క బిడ్డకూ కాలు పడిపోలేదు. అంటే ఇంజెక్షన్ తన పని తాను చేసింది. కానీ వైరస్ ఆ ఆరోగ్యవంతులైన పిల్లల పేగుల్లోనే పెరిగి, మలంతో బయటికొచ్చి, మరో బిడ్డ నోటికి చేరుతూ పోయింది. ఆగస్టులో ప్రభుత్వం పదేళ్లలోపు పిల్లలకు మళ్లీ చుక్కలు మొదలుపెట్టింది. టీకాలన్నీ వేయించిన బిడ్డకు ఇంకొకటి ఎందుకని తల్లిదండ్రులు టెన్షన్ పడ్డారు.

ఎందుకంటే, ఇంజెక్షన్‌తో పుట్టే యాంటీబాడీలు ఉండేది రక్తంలో. వైరస్ వెన్నుపాము దాకా పోకుండా అవి ఆపుతాయి. వైరస్ మకాం మాత్రం పేగు లోపలి పొరలో. అక్కడ కాపలా కాసేది ఐజీఏ అనే వేరే రకం యాంటీబాడీ. పొర కింది కణాల్లో తయారై, పొరను దాటి పైనున్న జిగురులో చేరుతుంది. చుక్కల్లోని బతికున్న వైరస్ పేగును తాకినప్పుడే ఈ కాపలా గట్టిగా ఏర్పడుతుంది.

జవాబులో మిగతా సగం మన వెల్లూరులో తేలింది. ఇదివరకే చాలాసార్లు చుక్కలు వేసుకున్న 450 మంది పిల్లల్లో కొందరికి ఇంజెక్షన్ వేసి, నెల తర్వాత అందరికీ చుక్కలు వేసి, మలంలో వైరస్ చూశారు. ఇంజెక్షన్ పడ్డవాళ్లలో టైప్ 1 విసర్జన 38 శాతం, టైప్ 3 విసర్జన 70 శాతం తగ్గింది. 2014లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో జరిగిన అధ్యయనమూ అదే చెప్పింది. చుక్కలు చూసిన పేగుకు జ్ఞాపకం ఉంటుంది, సూది దాన్ని తట్టిలేపుతుంది. చుక్కలే ఎరగని పేగులో తట్టిలేపడానికేమీ ఉండదు. నా దృష్టిలో వాదనంతా ముందు చుక్కలు, తర్వాత సూది అనే ఈ వరసలోనే ఉంది. మన పట్టికలోనూ పుట్టగానే చుక్కలు, ఆరో వారంలో ఇంజెక్షన్.

2016 ఏప్రిల్‌లో చుక్కల నుంచి టైప్ 2ను తీసేశారు. కొద్ది వారాలకే హైదరాబాద్ మురుగులో చుక్కల్లోని వైరస్ మారగా పుట్టిన టైప్ 2 వైరస్ దొరికింది. జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ పూర్తి డోసులో ఐదో వంతు, 0.1 మిల్లీలీటరు, చర్మంలోకి ఇచ్చారు. చేతి మీద చిన్న బుడిపె లేస్తే మందు సరిగ్గా ఎక్కినట్టు. వాళ్లలో చాలామంది అంతకుముందు టైప్ 2 ఉన్న పాత చుక్కలు వేసుకున్నవాళ్లే, అంటే సూది తట్టిలేపడానికి పేగులో జ్ఞాపకం ఉన్నవాళ్లే.

ఇంజెక్షనే చాలనేవాళ్ల వాదనలోనూ నిజం ఉంది. చుక్కల్లోని వైరస్ అరుదుగా మారిపోయి పక్షవాతం తెస్తుంది. అమెరికా 2000లో చుక్కలు ఆపింది అందుకే. ఆ గుణం తగ్గించడానికే కొత్త టైప్ 2 చుక్కలు వచ్చాయి. వాటిని హైదరాబాద్‌లోని బయోలాజికల్ ఇ కూడా తయారుచేస్తోంది. 2024 ఆగస్టులో గాజాలో పది నెలల బిడ్డకు పోలియోతో కాలు పడిపోయిందని తేలినప్పుడు, సెప్టెంబరులో పదేళ్లలోపు పిల్లలకు ఇచ్చింది ఇంజెక్షన్ కాదు, ఈ కొత్త చుక్కలే.