ఉద్యోగుల స్టాక్ ఆప్షన్ల లెక్కలు: అపోహలు – వాస్తవాలు

ఉద్యోగులకు జీతంతో పాటు స్టాక్ ఆప్షన్లు, అంటే కంపెనీ షేర్లను ముందే నిర్ణయించిన ధరకు తర్వాత కొనుక్కునే హక్కులు, ఇవ్వడం ఇప్పుడు మామూలైపోయింది. వాటిని ఖాతాల్లో ఎలా చూపాలన్న విషయంలో మాత్రం, కంపెనీలు నడిపే అనుభవజ్ఞుల్లోనూ పాత అభిప్రాయాలే నిలిచి ఉన్నాయి. ఈ లెక్కలు తయారుచేసే పనిలో నాకు తరచుగా ఎదురయ్యే అపోహలను ఇక్కడ వివరిస్తున్నాను. ఆధారం అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణమైన ఐఎఫ్‌ఆర్‌ఎస్ 2. అమెరికా నిబంధన వేరుగా ఉన్నచోట ఆ మాట చెబుతాను.

అపోహ: నగదు బయటికి పోలేదు కాబట్టి ఇది ఖర్చు కాదు.

వాస్తవం: షేర్లు జారీచేసి యంత్రం కొన్న కంపెనీ ఆ యంత్రం ఉచితంగా వచ్చిందని ఎన్నడూ రాసుకోదు. ఆప్షన్లు ఇచ్చి పొందిన శ్రమ కూడా అలాంటిదే. తేడా ఏమిటంటే యంత్రం కొన్నేళ్లు నిలుస్తుంది, శ్రమ అందిన వెంటనే వినియోగమైపోతుంది. అందుకే దాని విలువను ఉద్యోగుల ఖర్చు కింద డెబిట్ చేసి, అంతే మొత్తాన్ని ఈక్విటీలో (యజమానుల వాటాలో) జమ చేస్తారు. మొత్తం ఈక్విటీ మారదు గానీ లాభం తగ్గుతుంది. ఈ అపోహకు చరిత్ర ఉంది. అమెరికాలో 1972 నాటి నిబంధన ప్రకారం, ఆప్షన్ ధరను (ఉద్యోగి షేరు కొనుక్కునే ధరను) ఆప్షన్ ఇచ్చిన నాటి షేరు మార్కెట్ ధరకే నిర్ణయిస్తే సాధారణంగా ఖర్చు సున్నా. 1995లో వచ్చిన ప్రమాణం ఫెయిర్ వాల్యూ (ఆప్షన్‌కు అంచనా కట్టిన న్యాయమైన విలువ) ప్రకారం ఖర్చు రాసే పద్ధతిని ప్రోత్సహించినా, కంపెనీల తీవ్ర వ్యతిరేకత వల్ల దాన్ని తప్పనిసరి చేయలేదు. ఆ ప్రభావాన్ని నోట్స్‌లో చూపితే చాలంది. 2004లో అంతర్జాతీయ, అమెరికా ప్రమాణాలు రెండూ ఫెయిర్ వాల్యూ పద్ధతిని తప్పనిసరి చేశాయి. అది ఆలస్యంగా జరిగిన న్యాయమని నా అభిప్రాయం.

అపోహ: షేరు ధర పడిపోతే ఆప్షన్లకు విలువ లేదు కాబట్టి, రాసిన ఖర్చును వెనక్కి తీసుకోవచ్చు.

వాస్తవం: నేను అన్నిటికంటే ఎక్కువసార్లు వివరించవలసి వచ్చేది దీన్నే. షేర్ల రూపంలో తీరే ఆప్షన్లకు ఫెయిర్ వాల్యూను గ్రాంట్ తేదీన, అంటే ఆప్షన్లు ఇచ్చిన రోజున, ఒక్కసారే కడతారు. ఆ తర్వాత షేరు ఎటు కదిలినా ఆ విలువ మారదు. మారేది, వెస్ట్ అవుతాయని (షరతులు నెరవేరి ఉద్యోగికి హక్కుగా దక్కుతాయని) అంచనా వేసిన ఆప్షన్ల సంఖ్య మాత్రమే. వందమంది ఉద్యోగులకు తలా 10 ఆప్షన్లు ఇచ్చి, మూడేళ్లు పనిచేయాలన్న షరతు పెట్టారనీ, ఒక్కో ఆప్షన్ విలువ 30 అనీ అనుకుందాం. చివరికి 80 మంది మిగులుతారని మొదటి ఏడాది అంచనా వేస్తే, మొత్తం 24,000లో మూడో వంతు, అంటే 8,000 ఖర్చు. రెండో ఏడాది ఆ అంచనా 88కి పెరిగితే, 26,400లో మూడింట రెండు వంతులైన 17,600 నుంచి ముందు రాసిన 8,000 తీసేయగా 9,600. చివరికి 85 మంది మిగిలితే మూడో ఏడాది ఖర్చు 7,900. మొత్తం 25,500. వెస్ట్ అయ్యాక వాటిని ఎవరూ వాడుకోకపోయినా ఈ ఖర్చు తిరిగి రాదు, ఎందుకంటే ఆ శ్రమ కంపెనీకి అందింది.

షరతు స్వభావాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. అమ్మకాల లక్ష్యం అందక ఆప్షన్లు వెస్ట్ కాకపోతే, అప్పటివరకు రాసిన ఖర్చు వెనక్కి పోతుంది. షేరు ధర ఫలానా స్థాయికి చేరాలన్న షరతు విఫలమైతే మాత్రం, ఉద్యోగి తన సేవా కాలం పూర్తిచేసినట్లయితే, ఖర్చు నిలిచే ఉంటుంది; ఆ విఫలత అవకాశాన్ని గ్రాంట్ నాటి విలువలోనే కలుపుకొని ఉంటారు.

అపోహ: మూడేళ్ల ఆప్షన్లైతే ఖర్చు ఏటా సమానంగా వస్తుంది.

వాస్తవం: అన్నీ మూడో ఏడాది చివరే వెస్ట్ అయితే దాదాపు అంతే. ఏడాదికి మూడో వంతు చొప్పున వెస్ట్ అయ్యేవైతే, ఐఎఫ్‌ఆర్‌ఎస్ 2 కింద ప్రతి భాగాన్నీ విడి గ్రాంట్‌గా చూడాలి. మూడు భాగాల విలువా సమానమనుకుంటే, మొదటి ఏడాదే సుమారు 61 శాతం, తర్వాత 28, చివర 11 శాతం ఖర్చవుతుంది. సేవా షరతు ఒక్కటే ఉన్న ఆప్షన్లకు అమెరికా ప్రమాణం సమానంగా పంచుకునే వీలిస్తుంది.

అపోహ: షేరు పెరుగుదలను నగదుగా చెల్లించే పథకాలకూ ఇదే లెక్క.

వాస్తవం: కాదు. అది అప్పు, చెల్లించేదాకా ప్రతి రిపోర్టింగ్ తేదీన దాని విలువను మళ్లీ కట్టాలి.

అపోహ: పథకాన్ని రద్దుచేస్తే మిగిలిన ఖర్చు తప్పుతుంది.

వాస్తవం: తప్పదు సరికదా, ముందుకు వస్తుంది. వెస్టింగ్ కాలంలో కంపెనీ రద్దుచేస్తే, మిగిలిన సేవకు రాయవలసిన మొత్తాన్ని వెంటనే ఖర్చు చూపాలి. ఆప్షన్ ధర తగ్గించి ఉద్యోగులకు ఊరట ఇస్తే, పాత ఖర్చు యథాతథంగా కొనసాగుతూ, మార్పు నాడు పెరిగిన ఫెయిర్ వాల్యూ దానికి అదనంగా చేరుతుంది. అదే మార్పు ఉద్యోగికి నష్టం కలిగించేదైతే ఖర్చు తగ్గదు. అందుకే అలాంటి తీర్మానానికి ముందే లెక్క వేయించమని బోర్డులను కోరుతుంటాను. సంతకాలయ్యాక నా దగ్గరికి వస్తే ఆ సంఖ్యను మార్చే మార్గం ఉండదు.