నేపథ్యం: మతిమరుపుకు పెట్ స్కాన్ ఎవరికి, ఎందుకు?

అల్జీమర్స్‌కు కొత్త మందులొచ్చాయన్న వార్తలతో నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇళ్లలో పాత వాదన మళ్లీ లేచింది. పెద్దాయనకు యాది ఉండట్లేదు, పట్నం తీసుకెళ్లి పెట్ స్కాన్ (ఒంట్లోకి మందు ఎక్కించి మెదడులో ఏం జరుగుతోందో చూసే స్కాన్) తీయిద్దామని కొడుకులంటారు. ముసలితనపు చాదస్తానికి ఇంత ఖర్చెందుకని చుట్టాలంటారు. స్కాన్ కంటే ముందు ఆయనకేమవుతోందో ఇంట్లోవాళ్లను అడిగి తెలుసుకోవాలని కొందరు డాక్టర్లంటారు.

ఈ గొడవ అర్థం కావాలంటే 2004 చూడాలి. ఆ సెప్టెంబరులో అమెరికా వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్, మెదడు పెట్ స్కాన్‌కు డబ్బు కట్టడానికి ఒప్పుకుంది. అయితే అల్జీమర్సా, ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియానా (మెదడు ముందు, పక్క భాగాలు క్షీణించే జబ్బు) అని డాక్టర్ తేల్చుకోలేనప్పుడే. అప్పటికే ఆరు నెలల క్షీణత నమోదై ఉండాలి, రక్త పరీక్షలు, మామూలు స్కాన్ (సీటీ లేదా ఎమ్మారై) అయిపోయి ఉండాలి. అంటే ఇది జబ్బును వెతికే స్కాన్ కాదు, రెండు జబ్బుల మధ్య అనుమానం తీర్చే స్కాన్. మెదడు ఎక్కడ చక్కెర తక్కువగా వాడుకుంటోందో చూపిస్తుంది: అల్జీమర్స్‌లో కణతల దగ్గర, వెనక భాగంలో, ఫ్రాంటోటెంపోరల్‌లో ముందు భాగంలో.

ఈ రెండో జబ్బు మనకు దూరమేమీ కాదు. హైదరాబాద్ నిమ్స్ మెమరీ క్లినిక్ 2011లో ప్రచురించిన 347 మంది డిమెన్షియా రోగుల లెక్కలో 18.7 శాతం అదే. వీళ్లలో చాలామందికి ముందు పోయేది జ్ఞాపకం కాదు, నడత. నెమ్మదస్తుడు బజార్లో బూతులు తిడతాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుంటారు.

కొత్త మందులకు కావాల్సిన పెట్ వేరు. అది మెదడులో అమిలాయిడ్ (అల్జీమర్స్‌లో గడ్డకట్టే ప్రొటీన్) పేరుకుందా అని చూస్తుంది. 2012లో అమెరికాలో అనుమతి పొందిన ఆ రకం స్కాన్‌లో, మతి బాగున్న పెద్దవాళ్లలో కూడా కొందరికి పాజిటివ్ వస్తుంది. ఈ తేడా చెప్పకుండానే 'పెట్ తీయించండి' అంటున్నారు.

రెండు స్కాన్లలోనూ వాడే ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందు సత్తా 110 నిమిషాల్లో సగానికి పడిపోతుంది. మందు ఎక్కువ దూరం రాలేదు కాబట్టి రోగే వెళ్లాలి. చక్కెర స్కానైతే షుగరున్న ముసలాయన కూడా పరగడుపున వంద కిలోమీటర్లు పోవాలి.

ముందు అడిగి తెలుసుకోమనే డాక్టర్ల మాటే నాకు సరైనదనిపిస్తుంది. కారణం మా పెద్దనాయన. పొద్దుగూకితే మూలన పిల్లలు కూసున్నరు, బువ్వ పెట్టండి అనేవాడు. ఒక ఆస్పత్రిలో సీటీ తీసి, వయసుకు తగ్గ మార్పులేనని చెప్పి, హాలోపెరిడాల్ అనే మానసిక జబ్బుల మందు ఇచ్చారు. మూడు రోజుల్లో కట్టెలా బిగుసుకుపోయాడు, మింగలేకపోయాడు. లేనివి కనబడే లెవీ బాడీ డిమెన్షియాలో ఆ మందు చాలామందికి అలాగే కొట్టొచ్చని 1992 నుంచీ వైద్యులకు తెలుసు. ఆయనకేం కనబడుతోందో మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఆ ఫిల్ము కవరు ఇంకా మా బీరువాలో ఉంది. స్కాన్‌కు రాసిచ్చిన చీటీలో 'మతిమరుపు' అన్న ఒక్క మాటే ఉంది.