పిజ్ టవర్‌ను ఆపేసినప్పుడే మొదలైంది ఈ తగువు

మూతపడ్డ దూరదర్శన్ ట్రాన్స్‌మిటర్లు ఖాళీ చేసిన తరంగాలు ఎవరికి దక్కాలన్న గొడవ మళ్లీ రాజుకుంది. ఇంటర్నెట్ లేకుండా సెల్‌ఫోన్‌కే నేరుగా టీవీ పంపే ‘డైరెక్ట్ టు మొబైల్’ కోసం 470 నుంచి 582 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న తరంగాల పట్టీని, అంటే స్పెక్ట్రమ్‌ను, ప్రసారాలకే ఉంచాలని కేంద్ర సమాచార శాఖ ఆలోచన. 5జీకి స్పెక్ట్రమ్ కావాలి, ఎవరికిచ్చినా వేలంలోనే ఇవ్వాలి అన్నది టెలికాం కంపెనీల వాదన.

దూరదర్శన్ 1959లో ఢిల్లీలో ఎలా మొదలైందో, ఏషియాడ్‌తో కలర్ ఎలా వచ్చిందో అందరికీ తెలిసిన కథే. ఈ తగువు అర్థం కావాలంటే మాత్రం గుజరాత్‌లోని పిజ్ అనే పల్లెకు వెళ్లాలి.

ఖేడా జిల్లాలోని ఆ ఊళ్లో ఇస్రో 1975లో ఒక కిలోవాట్ ట్రాన్స్‌మిటర్ పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో మొదలైన ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు ఏడాదిపాటు టీవీ చూపించింది. ఉపగ్రహం అమెరికాది కాబట్టి గడువు తీరగానే అది ఆగిపోయింది. పిజ్‌ది నేల మీది టవర్ కావడంతో దాని ప్రసారాలు కొనసాగాయి.

ఖేడా అంటే అమూల్ జిల్లా. ఊరి జనం పొద్దుగూకేవేళ పాలు పోయడానికి సంఘం దగ్గరికి వచ్చేవారు. ఊరుమ్మడి టీవీ సెట్టు చాలాచోట్ల అక్కడే ఉండేది, లేదంటే పంచాయతీ ఆఫీసులో. పాల క్యాన్ల పక్కనే కూర్చుని జనం చూసింది ఢిల్లీ వార్తలు కాదు, తమ గుజరాతీ మాట, తమ ఊళ్ల గొడవలు. కట్నాల మీద, కూలి రేట్ల మీద, కుల వివక్ష మీద నాటికలు వచ్చేవి. వాటిని రాసినవాళ్లలో, నటించినవాళ్లలో పల్లెజనం కూడా ఉన్నారు. ఊరివాళ్ల ఫిర్యాదులను అధికారుల ముందు పెట్టి జవాబు చెప్పించే కార్యక్రమం కూడా నడిచింది. ఇస్రో పరిశోధకులు ముందుగా ఊళ్లు తిరిగి ఏం కావాలో అడిగేవారు. ప్రసారమయ్యాక మళ్లీ వెళ్లి ఎలా ఉందో కనుక్కునేవారు. ప్రకటనలు లేవు. 1984లో యునెస్కో అవార్డు వచ్చింది, గ్రామీణ సమాచార రంగంలో చేసిన కృషికి.

మరుసటి ఏడాదే పిజ్ కేంద్రాన్ని మూసేశారు. అహ్మదాబాద్‌లో పెద్ద ట్రాన్స్‌మిటర్ ఉంది, దాని సిగ్నల్ ఖేడాకూ అందుతుంది, ఒకే జిల్లాకు రెండెందుకు అన్నది అధికారుల మాట. పిజ్ యంత్రాన్ని మద్రాసులో రెండో ఛానల్ కోసం తరలించారు. ఖేడా జనం రోడ్డెక్కినా లాభం లేకపోయింది. నా దృష్టిలో ఈ దేశపు టీవీ చరిత్రలో ఇంతకన్నా పెద్ద మలుపు లేదు. సిగ్నల్ అందితే చాలు, అందులో ఎవరి మాట ఉందన్నది లెక్కలోకి రాదని ప్రభుత్వం ఆరోజే తేల్చేసింది.

నిజానికి ఆ ఆలోచన అప్పటికే పాకుతోంది. 1983 ఆగస్టులో ఇన్శాట్-1బి ఉపగ్రహం నింగికెక్కాక, 1984లో రోజుకో ట్రాన్స్‌మిటర్ అన్నంత వేగంగా టవర్లు లేచాయి. అదే ఏడాది చివర్లో లోక్‌సభ ఎన్నికలు. మన జిల్లా పట్టణాల్లోకి టీవీ వచ్చిందీ ఎక్కువగా ఈ తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లతోనే. 100 వాట్లు, చుట్టూ 10-15 కిలోమీటర్ల పరిధి. ఆవరణలో ఒక డిష్, లోపల రిసీవర్, ట్రాన్స్‌మిటర్, కరెంటు పోతే డీజిల్ జనరేటర్, పక్కన టవర్. డిష్ పట్టిన ఢిల్లీ బొమ్మను టవర్ నుంచి మన డాబాల మీది యాంటెనాలకు తిరిగి వదలడమే దాని పని. అక్కడ కెమెరా లేదు, మైకు లేదు. హైదరాబాద్ కేంద్రం 1977 అక్టోబర్ నుంచే నడుస్తున్నా, దాని కార్యక్రమాలు ఉపగ్రహం ద్వారా జిల్లాలకు అందే ఏర్పాటు వచ్చేదాకా ఈ టవర్ల కింద ఉన్నవాళ్లకు తెలుగు దక్కలేదు. కార్యక్రమాల తయారీని వికేంద్రీకరించాలని దూరదర్శన్ కార్యక్రమాల మీద కేంద్రం వేసిన పి.సి. జోషి కమిటీ చెప్పింది. అది కాగితం మీదే ఉండిపోయింది.

తర్వాతి దశాబ్దాల కథ త్వరగానే చెప్పుకోవచ్చు. దేశమంతా కలిపి సుమారు 1,400 ట్రాన్స్‌మిటర్లయ్యాయి. కేబుల్ వచ్చింది, డీటీహెచ్ వచ్చింది, యాంటెనాలు దిగిపోయాయి. దాదాపు 70 శాతం ట్రాన్స్‌మిటర్లను అప్పటికే ఆపేశామని, వ్యూహాత్మక ప్రాంతాల్లోని 50 వరకు మినహా మిగతావి 2022 మార్చి 31లోగా ఆపుతామని 2021 అక్టోబర్‌లో దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి ప్రకటించింది. ఏటా 100 కోట్ల రూపాయల దాకా ఆదా అంది. పిజ్ కోసం పల్లెలు కదిలాయి. మన ఊళ్ల టవర్లు ఆగితే అలా ఎవరూ కదల్లేదు. జనానికి పట్టింపు లేదని దీన్ని చూపించేవాళ్లున్నారు. ఆ టవర్ ఏ ఒక్క రోజూ ఆ ఊరి గురించి మాట్లాడకపోతే జనం ఎందుకు కదులుతారు?

తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే చెప్పింది. ఆ తీర్పు రేడియోకు కొంత మేలు చేసింది. 2006 విధానంతో స్వచ్ఛంద సంస్థలకూ కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలు కలిగింది. జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో దళిత మహిళలు 2008 నుంచి సంగం రేడియో నడిపి చూపించారు. టీవీకి మాత్రం ఆ తలుపు తెరుచుకోలేదు. నేల మీది టవర్లతో చేసే భూతల ప్రసారాల్లోకి ఇతరులనూ రానివ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2005లో ఒకసారి, 2017లో మరోసారి సిఫార్సు చేసినా దూరదర్శన్ గుత్తాధిపత్యం అలాగే ఉంది.

ఇప్పుడు ‘డైరెక్ట్ టు మొబైల్’ దగ్గరికి వద్దాం. స్పెక్ట్రమ్ ప్రసారాలకే ఉండాలన్న వాదన నాకు సబబుగానే తోస్తోంది. వేలంలో పోతే జనం ఉచితంగా చూసే దారి ఒకటి మూసుకుపోతుంది. నా టెన్షన్ ఈ టెక్నాలజీని వాడబోయే తీరు గురించి. పక్కపక్క టవర్లన్నీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద, ఒకే క్షణంలో, ఒకే సిగ్నల్ పంపే పద్ధతి ఇందులో కీలకం. దానివల్ల స్పెక్ట్రమ్ పొదుపవుతుంది. కానీ ఒక జిల్లాకు వేరే కార్యక్రమం ఇవ్వాలంటే ఆ ఏర్పాటు ముందే డిజైన్‌లో ఉండాలి, టవర్లు లేచాక అతికించడం కష్టం.

విపత్తుల వేళ నెట్‌వర్క్ పనిచేయకపోయినా హెచ్చరికలు ఫోన్‌కి చేరతాయని దీన్ని సమర్థించేవాళ్లే చెబుతున్నారు. భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పుడు అక్కడివాళ్లకు కావాల్సింది ఏ రోడ్డు మునిగింది, పునరావాస శిబిరం ఏ బడిలో పెట్టారు అన్న సమాచారం. కోనసీమ లంకలవాళ్లకు కావాల్సింది అది కాదు, వరద తమ దగ్గరికి ఎప్పుడొస్తుందన్నది. ఈ రెండూ వేర్వేరుగా, తెలుగులో, ఆ జిల్లాలోనే కూర్చున్న మనుషులు చెప్పేలా టవర్లు పెడతారా లేదా అన్నది స్పెక్ట్రమ్ కేటాయింపు షరతుల్లోనే రాయించాలి.