పొడుగు కొత్తిమీర: అపోహలు - వాస్తవాలు

నర్సరీల్లో ఆఫ్రికన్ కొత్తిమీర, కులాంట్రో అంటూ అమ్మే రంపపు అంచు ఆకు మొక్క ఇది. పుట్టిల్లు ఆఫ్రికా కాదు, అమెరికా ఖండంలోని ఉష్ణమండలం. మణిపూర్, మిజోరం వంటిళ్లలో మాత్రం ఇది రోజువారీ ఆకే. మన మిద్దె తోటల్లోకి వచ్చేసరికి దీని చుట్టూ కొన్ని నమ్మకాలు చేరాయి.

అపోహ: ఎండ ఎంత తగిలితే ఆకు అంత బాగా వస్తుంది.

వాస్తవం: దీన్ని పాడుచేసేదే ఎండ. నేరుగా ఎండలో పెడితే ఆకు చిన్నదై, బిరుసెక్కి, మొక్క తొందరగా పూతకొస్తుంది. ఎండాకాలంలో పగలు ఎక్కువసేపు ఉండటం కూడా పూతను తోస్తుంది. షేడ్ నెట్ కిందో, గుబురుగా పెరిగిన కరివేపాకు నీడలోనో పెట్టండి, ఆకు వెడల్పుగా, లేతగా వస్తుంది. మట్టి తడి ఆరకూడదు, నీళ్లు నిలవకూడదు. నడిమధ్య నుంచి కాడ లేస్తే అప్పుడే తుంచెయ్యాలి. రెండు రోజులు పోనిద్దాం అనుకుంటే పూల కింది ఆకులు ముళ్లలా గట్టిపడి వేళ్లకు గుచ్చుకుంటాయి. విత్తనం కోసం ఒక్క మొక్కను వదిలితే చాలు, పక్క కుండీల్లో అడక్కుండానే మొలుస్తాయి.

అపోహ: ధనియాల్లా నలిపి మట్టిలో కప్పాలి.

వాస్తవం: గింజ చాలా సన్నం. తడి మట్టి మీద చల్లి వదిలెయ్యండి, దానికి వెలుతురు కావాలి. మొలకకు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోపే టెన్షన్ పడి కుండీ తిరగేసేవాళ్లే ఎక్కువ.

అపోహ: మామూలు కొత్తిమీరలా కూర దించేముందు మాత్రమే పైన చల్లాలి.

వాస్తవం: అలా కూడా వాడొచ్చు, వియత్నాం వాళ్లు సూప్‌లో పచ్చిగానే తుంచి వేసుకుంటారు. కానీ మామూలు కొత్తిమీరకు లేని గుణం ఒకటుంది: ఉడికినా వాసన నిలుస్తుంది. కరేబియన్ దీవి ప్యూర్టోరికోలో దీన్ని ఉల్లి, వెల్లుల్లి, మిరపతో కలిపి నూరి, ఆ ముద్దను నూనెలో వేయించాకే వంట మొదలెడతారు. మన చారులో అయితే మరిగేటప్పుడే రెండాకులు తుంచి వెయ్యండి. ఘాటు ఎక్కువ, కొత్తిమీర కట్ట లెక్కన వేస్తే చారు నోట పెట్టలేం. పచ్చడికి ముదురాకు వద్దు, పీచు తగులుతుంది.

అపోహ: కొత్తిమీర వాసన పడనివాళ్లకు ఇది ప్రత్యామ్నాయం.

వాస్తవం: అస్సలు కాదు. రెండింటి వాసనకూ మూలం ఆల్డిహైడ్లు అనే రసాయనాలే, ఇందులో ఇంకా గట్టిగా ఉంటుంది. వాళ్లకు పుదీనా పెట్టండి.