గేమ్‌లో మాట్లాడేది ఎవరు?

వీడియో గేమ్ కళ అవుతుందా అన్న చర్చ సాధారణంగా బొమ్మల నాణ్యత, సంగీతం, కథాబలం చుట్టూ తిరుగుతుంది. చరిత్రలోకి వెళితే మాత్రం తగువు మొదటినుంచీ వేరొకచోట ఉంది: ఆడేవారి చేతుల్లో నడిచే దానికి కర్త ఎవరు, అందులో ఎవరైనా ఏదైనా చెబుతున్నారా?

1970ల చివర్లో పరిశ్రమకే కర్త పట్టలేదు. అటారీ సంస్థ గేమ్‌లపై రూపకర్తల పేర్లు వేసేది కాదు. అక్కడ పనిచేసిన వారెన్ రాబినెట్ తన ‘అడ్వెంచర్’లో ఎవరికీ చెప్పకుండా ఒక రహస్య గదిని ఏర్పాటు చేసి, కంటికి దాదాపు ఆనని చుక్కను వెతికి పట్టుకున్నవారికే కనిపించేలా అందులో తన పేరు రాసుకున్నారు. ఆ సంస్థను వదిలిన నలుగురు ప్రోగ్రామర్లు 1979లో యాక్టివిజన్ అనే గేమ్‌ల సంస్థ స్థాపనలో పాలుపంచుకోవడానికి ఈ అనామకత్వం కూడా ఒక కారణం.

1982లో న్యూయార్క్‌లోని ఫెడరల్ జిల్లా కోర్టు, వీడియో గేమ్ కూడా చదరంగం, బేస్‌బాల్ లాగా కేవలం వినోదమేననీ, అది ఏ విషయాన్నీ తెలియజేయదు కనుక వాక్‌స్వాతంత్ర్య రక్షణ దానికి వర్తించదనీ తీర్పునిచ్చింది. సినిమాకూ ఇదే జరిగింది. సినిమా ప్రదర్శన వట్టి వ్యాపారమని 1915లో అన్న అమెరికా సుప్రీంకోర్టు ఆ మాటను 1952లో గానీ విడిచిపెట్టలేదు.

సినీ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ 2005లో లేవనెత్తిన అభ్యంతరం ఈ తీర్పులకన్నా బరువైనది. కళకు కర్త అదుపు అవసరమనీ, ఆటగాడి ఎంపికలు ఆ అదుపును సడలిస్తాయనీ ఆయన వాదన. తాను సరిగా ఎరగని మాధ్యమం గురించి అలా రాసి ఉండకూడదని 2010లో ఒప్పుకున్నారే తప్ప, అభిప్రాయం మార్చుకోలేదు. ఆయనను వెక్కిరించినవారే ఎక్కువ. వాదనను ఎదుర్కొన్నవారు తక్కువ.

అసలు జవాబు గేమ్‌లే ఇచ్చాయి. 2005 నాటి ‘షాడో ఆఫ్ ది కొలోసస్’లో, చనిపోయిన అమ్మాయిని బతికించుకోవడానికి ఒక్కొక్క మహాకాయాన్నీ కూల్చినప్పుడు విజయనాదానికి బదులు శోకసంగీతం వినిపిస్తుంది, కత్తి దించింది ఆటగాడే కనుక ఆ శోకంలో అతనికీ వాటా ఉంటుంది. 2013లో లూకస్ పోప్ రూపొందించిన ‘పేపర్స్, ప్లీజ్’లో ఆటగాడు సరిహద్దు తనిఖీ ఉద్యోగి. భర్త కాగితాలు సరిగ్గా ఉంటాయి, వెనకే వచ్చిన భార్యకు ప్రవేశ పత్రం ఉండదు. ఆమెను పంపితే మందలింపు, ఆపితే దంపతులు విడిపోతారు, మరోవైపు ఇంట్లో మనుషుల తిండి, మందులు ఆ జీతం మీదే ఆధారపడి ఉంటాయి. ఇక్కడ ఎంపిక కర్త అదుపును సడలించడం లేదు. కర్త చెప్పదలచింది ఆ ఎంపిక ద్వారానే చేరుతోంది.

2011లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో, పుస్తకాలు, నాటకాలు, సినిమాల లాగే గేమ్‌లు కూడా భావాలను చేరవేస్తాయని చెప్పి, హింసాత్మక గేమ్‌లను మైనర్లకు అమ్మకుండా కాలిఫోర్నియా చేసిన చట్టాన్ని కొట్టివేసింది. మరుసటి ఏడాది న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం 14 గేమ్‌లను తన సేకరణలో చేర్చుకుంది.

అయితే వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023 అధ్యయనం ప్రకారం, 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేమ్‌లలో 87 శాతం నేడు మార్కెట్లో దొరకవు. గ్రంథాలయాలు దాచిన గేమ్‌లను పరిశోధకులు దూరం నుంచే ఆడి చూసేందుకు కాపీరైట్ చట్టం నుంచి కోరిన మినహాయింపును 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం నిరాకరించింది. వాటిని వినోదానికి వాడుకునే ప్రమాదం ఉందన్నది అది చూపిన కారణాల్లో ఒకటి.